ఐదు లక్షల ఇరవై నాలుగు వేల నూట ఒకటి

"ఈ నంబరు మంచిదేనా?" అని అడగని ఇల్లు తెలుగునాట తక్కువ. కొత్త బండికి నంబరు వచ్చినా, సిమ్ కార్డు తీసుకున్నా, ప్లాటు చూసినా ముందు అంకెలన్నీ కూడతారు. మొత్తం రెండంకెల్లో వస్తే మళ్లీ కూడతారు. తొమ్మిది తేలిందంటే ఇంటిల్లిపాదికీ తృప్తి. 9999 కోసం రవాణా శాఖ వేలంలో లక్షలు పోసేవాళ్లూ ఉన్నారు. ఈ అలవాటును వెక్కిరించడం తేలికే గానీ, దాని వెనక న్యాయమైన సందేహం ఒకటుంది. ఒక పెద్ద సంఖ్యను ముందు పెట్టి, దీని విశేషమేమిటో చెప్పమంటే గణితం ఏం చెబుతుంది? ఆ జవాబుకూ అంకెలు కూడి చెప్పే జవాబుకూ తేడా ఎక్కడ? దీన్ని ఒకే ఒక్క సంఖ్య మీద తేల్చుకుందాం. ఆ సంఖ్య విశేషం కోసం ఎవరూ ఏరికోరి తెచ్చింది కాకూడదు. గూడూరు పిన్‌కోడు 524101 అలాంటిదే.

పిన్‌కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు ఉన్న ప్రాంతం. మొదటి మూడంకెలు 524 అంటే నెల్లూరు వైపు ఉత్తరాలు వేరుచేసే విభాగం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో గూడూరును తిరుపతి జిల్లాలో చేర్చారు. తిరుపతి పిన్‌కోడు 517501. అప్పుడు జిల్లా మారినా గూడూరు ఉత్తరాల మీద 524 అలాగే ఉండిపోయింది. అంటే ఈ అంకెల్లో తపాలా శాఖ ఉంది, నెల్లూరు జిల్లా ఉంది. గణితం ఉందా?

లేదని వాదించేవాళ్లు ఉంటారు. పిన్‌కోడు దేన్నీ లెక్కపెట్టి చెప్పేది కాదు, అదొక చిరునామా. అంకెల బదులు అక్షరాలు పెట్టినా పని జరిగేది. దాన్ని సంఖ్యగా చదివి కారణాంకాలు వెతకడం వృథా అంటారు. మాట నిజమే. కానీ మన పరీక్షకు ఆ నిజమే పనికొస్తుంది. తపాలా శాఖ ఈ అంకెలు పేర్చేటప్పుడు వాటి గుణకార లక్షణాల గురించి ఆలోచించలేదు. ఆలోచన లేకుండా పుట్టిన సంఖ్యలో ఏదైనా దొరికితే అది సంఖ్యల స్వభావమే అవుతుంది గానీ, పెట్టినవాడి చాతుర్యం కాదు.

అంకెలు కూడితే ఏం మిగులుతుంది

5, 2, 4, 1, 0, 1 కూడితే 13. మళ్లీ కూడితే 4. ఈ 4 ఏమిటో తెలుసుకోవడం కష్టం కాదు. 524101ని 9తో భాగిస్తే మిగిలే శేషమే అది. ఏ సంఖ్య అంకెల్ని కూడుతూ పోయినా చివరికి తేలేది తొమ్మిదితో భాగించగా వచ్చే శేషమే. శేషం సున్నా అయిన చోట 9 తేలుతుంది. పదేసి చొప్పున లెక్కించే పద్ధతిలో ప్రతి స్థానం విలువా (1, 10, 100, 1000) తొమ్మిదితో భాగిస్తే శేషం 1 ఇస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మనకు పది వేళ్లు ఉన్నాయి కాబట్టి పదేసి లెక్కిస్తాం. డజన్ల లెక్కలో రాసే అలవాటే ఉండి ఉంటే ఇదే సంఖ్యను 213371 అని రాసేవాళ్లం. ఆ అంకెల మొత్తం పదిహేడు, అంటే ఒక డజనూ ఐదు. మళ్లీ కూడితే 6. సంఖ్య మారలేదు, గూడూరు మారలేదు, అదృష్టం మాత్రం నాలుగు నుంచి ఆరుకు పోయింది. పైగా కూడిక వరుసను కూడా మరిచిపోతుంది. 524101కీ 542101కీ మొత్తం ఒకటే, కానీ రెండో దానికి రాసిన ఉత్తరం గూడూరుకు చేరదు.

అంకెల మీద ఆధారపడిన లక్షణాలన్నీ పనికిరానివని దీనికి అర్థం కాదు. గూడూరు జంక్షన్‌లో చెన్నై, విజయవాడ, రేణిగుంట దారులు కలుస్తాయి. అక్కడ ఆగిన గూడ్సు వ్యాగన్ పక్కన పదకొండంకెల సంఖ్య రాసి ఉంటుంది. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం, తర్వాతి రెండు అది ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన ఏడాది, ఆపైన నాలుగు దాని వరుస సంఖ్య. చివరిది సరిచూపు అంకె. ఎడమ నుంచి రెండు, నాలుగు, ఆరు ఇలా సరి స్థానాల్లో ఉన్న అంకెల్ని కూడి మూడుతో హెచ్చించి, బేసి స్థానాల్లో ఉన్నవాటిని దానికి కలిపి, మొత్తం పదితో నిశ్శేషంగా పోవడానికి ఎంత తక్కువైందో ఆ అంకెను చివర రాస్తారు. రాసుకునే గుమాస్తా ఏదో ఒక అంకె తప్పు రాస్తే మొత్తం పదితో పోదు, తప్పు బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా, వాటి మధ్య తేడా సరిగ్గా ఐదు అయితే తప్ప, దొరికిపోతుంది. సాదా కూడిక పట్టుకోలేని తారుమారును ఇది పట్టుకోవడానికి కారణం ఒక స్థానానికి మూడు రెట్లు, పక్క స్థానానికి ఒక రెట్టు విలువ ఇవ్వడం. ఆ మూడును కూడా ఊరికే ఎంచుకోలేదు. 3కీ 10కీ ఉమ్మడి కారణాంకం లేదు. దాని బదులు 2 పెట్టి ఉంటే కొన్ని తప్పులు జారిపోయేవి. అంకెల మీద జరిగే ఈ పనికి కూడా కింద పునాది కారణాంకాలే. మన పిన్‌కోడులో మాత్రం ఇలాంటి సరిచూపు అంకె లేదు.

అంకెల అందం మీద మన పూర్వులకూ మోజు ఉండేది. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆ సంస్కృత గ్రంథంలో హారాల్లా కనిపించే గుణకారాలు వస్తాయి: 139ని 109తో హెచ్చిస్తే 15151, 152207ని 73తో హెచ్చిస్తే ఎనిమిది ఒకట్లు, 142857143ని 7తో హెచ్చిస్తే రెండు కొసలా ఒకట్లు, మధ్యలో ఎనిమిది సున్నాలు. చూడముచ్చటగా ఉంటాయి. ఈ హారాలు పదేసి లెక్కలోనే హారాలు. డజన్ల లెక్కలో రాస్తే చెదిరిపోతాయి. చెదరనిది ఒకటుంది. ఎనిమిది ఒకట్ల సంఖ్య 11, 73, 101, 137 అనే నాలుగు సంఖ్యల లబ్ధం. దాన్ని ఎవరు ఏ లిపిలో, ఏ లెక్కలో రాసుకున్నా ఆ నాలుగూ అందులోంచి పోవు.

నిమ్మకాయల వరుసలు

కారణాంకం అంటే ఏమిటో గూడూరు నిమ్మ మార్కెట్‌ను తలచుకుంటే తేలిగ్గా బోధపడుతుంది. నేల మీద నిమ్మకాయల్ని సమానమైన వరుసల్లో పేర్చాలనుకుందాం. పన్నెండు కాయలైతే మూడు వరుసలు, వరుసకు నాలుగు. లేదా రెండు వరుసలు, వరుసకు ఆరు. పదమూడు కాయలైతే ఎలా పేర్చినా కుదరదు. ఒకే పొడుగాటి వరుస పెట్టుకోవాలి, లేదంటే కాయలు మిగిలిపోతాయి. ఇలా ఒకే వరుసకు తప్ప దేనికీ లొంగని సంఖ్యలే ప్రధాన సంఖ్యలు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇవి ప్రైమ్ నంబర్లు. కాయల్ని పదుల్లో లెక్కపెట్టారా డజన్లలోనా అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. చదువురాని కూలీ పేర్చినా పదమూడు కాయలు వరుసలకు లొంగవు. సంఖ్యకు సొంతమైన లక్షణమంటే ఇదీ.

మరి 524101 కాయలు తెచ్చి పోస్తే? రెండు వరుసలు కుదరవు, సంఖ్య బేసి. మూడు కుదరవు, అంకెల మొత్తం 13 కాబట్టి. అయిదు కుదరవని చివరి అంకె చెబుతోంది. ఏడుతో భాగిస్తే 4 మిగులుతుంది, పదకొండుతో 6, పదమూడుతో 6, పదిహేడుతో 8, పందొమ్మిదితో 5. ఇరవై మూడు దగ్గర మాత్రం ఏమీ మిగలదు: 23 వరుసలు, వరుసకు 22787 కాయలు. ఈ 22787 ఇంక విడిపోదు, అది ప్రధాన సంఖ్య. అంతటితో గూడూరు సంఖ్య నిర్మాణం పూర్తిగా తెలిసిపోయినట్టే. దాన్ని ఒకటి కంటే పెద్ద సంఖ్యలుగా విడగొట్టే దారి ఇదొక్కటే, మరొకటి ఉండదు. ఏ సంఖ్యకైనా ప్రధాన కారణాంకాల జట్టు ఒకటే అన్నది అంకగణితానికి ఆయువుపట్టు లాంటి సిద్ధాంతం.

చుట్టుపక్కల ఊళ్లు కూడా చూద్దాం. నెల్లూరు 524001 నాలుగు ముక్కలవుతుంది: 3, 19, 29, 317. చిత్తూరు 517001 మూడు ముక్కలు: 37, 89, 157. తిరుపతి 517501 అసలు విడిపోదు. 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే ప్రతిసారీ ఏదో ఒకటి మిగులుతుంది. అక్కడితో ఆగడానికి కారణముంది. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 727. దాన్ని దానితోనే హెచ్చిస్తే 517501 దాటిపోతుంది. అంతకన్నా పెద్ద కారణాంకం ఉంటే దాని జోడీ చిన్నది కావాలి, చిన్నవన్నీ అప్పటికే చూసేశాం. తిరుపతి సంఖ్య ప్రధానం కావడం స్థలమహిమ అని ఎవరైనా అనబోతే ఒక్క లెక్క అడ్డం వస్తుంది. అయిదు లక్షల చుట్టుపక్కల సగటున పదమూడు సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. (గూడూరు అంకెల మొత్తం కూడా పదమూడే అవడం కేవలం కాకతాళీయం.) చివర 1 ఉన్నవి రెండుతోనూ అయిదుతోనూ పోవు కాబట్టి వాటిలో దాదాపు అయిదింట ఒకటి ప్రధానమవుతుంది. నాలుగు ఊళ్లలో ఒక ఊరికి దక్కడం మామూలు విషయమే.

ఒకట్లూ సున్నాలూ

23 ఎలా దొరికింది? వరసగా భాగిస్తూ పోతే తొమ్మిదో ప్రయత్నంలో దొరికింది. ఎందుకు పోయిందో మాత్రం ఆ భాగహారం చెప్పదు. కారణం చూడాలంటే సంఖ్యను వేరే వేషంలో రాయాలి. కంప్యూటర్ లోపల అంకెలు రెండే, 0, 1. కుడి నుంచి స్థానాల విలువలు 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపవుతూ పోతాయి. ఆ పద్ధతిలో గూడూరు సంఖ్య 1111111111101000101. మొదట పదకొండు ఒకట్లు, ఆ వెనక 01000101 అనే ఎనిమిది స్థానాల తోక. పదకొండు ఒకట్లు విడిగా చూస్తే 2047. తోక విడిగా 69. కాబట్టి మన సంఖ్య 2047ని 256తో హెచ్చించి 69 కలిపితే వచ్చేది. ఇప్పుడు, 2047 అంటే 23 ఎనభైతొమ్మిదులు. 69 అంటే 23 మూళ్లు. తలా తోకా రెండూ 23తో పోతుంటే మొత్తం పోకుండా ఎక్కడికి వెళుతుంది? పదేసి లెక్కలో 524101 అనే అంకెల్లో ఏ జాడా ఇవ్వని 23, ఇక్కడ రెండు చోట్ల ముఖం చూపించింది.

అంకెలు సంఖ్య కావని చెప్పి, మళ్లీ అంకెల్నే ఆశ్రయించడమేమిటని అడగవచ్చు. రాత మార్చినంత మాత్రాన 23 పుట్టుకురాలేదు. డజన్లలో రాసినా, రోమన్ అంకెల్లో రాసినా అది అక్కడే ఉంటుంది. ఒక రాతలో కనబడేది మరో రాతలో కనబడకపోవచ్చు, అంతే. అంకెలు కూడి తేల్చిన 4కు ఆ భాగ్యం లేదు. రాత మారగానే దాని స్థానంలో వేరేది వచ్చి కూర్చుంది.

వెతికితే ఏదో ఒకటి దొరకదా?

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఇది. ఏ సంఖ్యనైనా పట్టుకుని ఓపిగ్గా వెతికితే ఏదో ఒక వింత దొరుకుతుంది, అలాంటప్పుడు విశేషమన్న మాటకు అర్థమేముంది? నిజానికి పై పేరాల్లోనే అలాంటివి ఉన్నాయి. 2047కు 23, 89 కారణాంకాలు. 23 గూడూరులో ఉంది, 89 చిత్తూరులో ఉంది! వినడానికి బాగుంది. దాని నుంచి మరో నిజం ఏదీ రాదు. అలాంటిదాన్ని పక్కన పెట్టేయాలి. ఒక లక్షణం తన వెనక ఇంకో నిజాన్ని, దాని వెనక మరోదాన్ని లాక్కొస్తే దానికి విలువ. ఈ కొలతకు నిలిచే సంఖ్య గూడూరు సంఖ్యకు దగ్గర్లోనే, 524తో మొదలయ్యే ఆరంకెల సంఖ్యల్లోనే ఉంది: 524287.

0, 1 అనే రెండే అంకెల రాతలో ఇది వరసగా పందొమ్మిది ఒకట్లు. మహావీరాచార్యుడు చూస్తే మెచ్చుకునే హారమే, పదేసి లెక్కలో పైకి కనిపించదు. ఒకట్ల లెక్కను సమాన భాగాలు చేయగలిగితే సంఖ్య కూడా విడిపోతుంది. పదిహేను ఒకట్లుంటే అయిదేసి చొప్పున మూడు గుంపులు, కాబట్టి అయిదు ఒకట్ల సంఖ్య, అంటే 31, దాన్ని భాగిస్తుంది. పందొమ్మిది ప్రధాన సంఖ్య, గుంపులు కుదరవు. అంతమాత్రాన 524287 ప్రధానమైపోతుందా? పదకొండు కూడా ప్రధానమే, పదకొండు ఒకట్ల 2047 మాత్రం విడిపోయింది. 1536లో రెగియస్ అనే గణితజ్ఞుడు ఈ సంగతి చూపించాడు. కాబట్టి ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాల్సిందే. 1588లో ఇటలీ గణితజ్ఞుడు కటాల్ది ఆ పని చేశాడు. దాని వర్గమూలం 724 లోపు ప్రధాన సంఖ్యలు 128. వాటిలో దేనితోనూ 524287 పోదని తేల్చాడు. తిరుపతి పిన్‌కోడు ప్రధానమని రుజువు చేయడానికి కావలసినవీ సరిగ్గా ఆ 128 సంఖ్యలే.

అయితే 524287 విషయంలో అంత శ్రమ అక్కర్లేదని తర్వాత తెలిసింది. 1640 ప్రాంతంలో ఫెర్మా కనిపెట్టిన నియమం ప్రకారం, దీనికి ప్రధాన కారణాంకం ఉంటే అది 38తో, అంటే రెండు పందొమ్మిదులతో, భాగించినప్పుడు శేషం 1 ఇవ్వాలి. 128లో ఆరే మిగిలాయి. 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలన్న మరో నియమం కలిపితే మూడే: 191, 457, 647. మూడు భాగహారాలు, స్కూలు పిల్లవాడికి పది నిమిషాల పని. 23 గుట్టు కూడా ఇక్కడే ఉంది. 2047లో ఒకట్లు పదకొండు. రెండు పదకొండ్ల కన్నా ఒకటి ఎక్కువైతే 23. తిరుపతి సంఖ్యకు ఇలాంటి అచ్చు ఏదీ లేదు కాబట్టే చాకిరీ తప్పలేదు.

524287 ఇంకో నిజాన్ని కూడా లాక్కొస్తుంది. ఆరుకు తనకన్నా చిన్న కారణాంకాలు 1, 2, 3. కూడితే మళ్లీ ఆరే. ఇలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. ఒకట్ల హారం ప్రధానమైన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు. 524287ని 262144తో హెచ్చిస్తే వచ్చే 137438691328 అలాంటిదే, ఆ వరసలో ఏడోది. ఒకట్ల హారాల వేట ఇప్పటికీ ఆగలేదు. 2024 అక్టోబరులో ప్రకటించిన అతి పెద్ద ప్రధాన సంఖ్య కూడా ఈ కుటుంబానిదే: 13,62,79,841 ఒకట్ల హారం, మన మామూలు రాతలో నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలు.

కలపడం, విడగొట్టడం

ఇంత లెక్క వేస్తే గూడూరుకు ఒరిగేదేమిటి? గూడూరు పోస్ట్‌మన్‌కు 23తో పనిలేదు. కానీ అదే ఊళ్లో ఎవరైనా బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు, మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతుల్లో ఒకటి కారణాంకాల మీదే నిలబడింది. 23నీ 22787నీ హెచ్చించడం నిమిషం పని. 524101 మాత్రమే ఇచ్చి ఆ రెంటినీ వెనక్కి రాబట్టమంటే వెతుకులాట మొదలవుతుంది. 23 చిన్నది కాబట్టి తొందరగా దొరికింది. రెండు ముక్కలూ ఏడువందల చిల్లర అయివుంటే నూటికి పైగా భాగహారాలు చేయాల్సి వచ్చేది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ ఈ తేడానే తాళంగా మలిచారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని హెచ్చించి లబ్ధాన్ని బయటపెడతారు, ముక్కల్ని దాచుకుంటారు. ఇప్పుడు మామూలుగా వాడే లబ్ధాలకు 617 అంకెలుంటాయి. ఇలాంటి లబ్ధాల్లో సవాలుగా విసిరిన 250 అంకెల సంఖ్య ఒకటి విడిపోయింది 2020లో, అదీ వేల కంప్యూటర్ల సాయంతో.

ఇక్కడ చాలామందికి వింతగా తోచే సంగతి ఒకటుంది. ఒక సంఖ్య విడిపోతుందని తెలియడానికి ముక్కలు దొరకనక్కర్లేదు. ఫెర్మా నియమమే ఇంకొకటి చూడండి. బేసి ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానికన్నా ఒకటి తక్కువ సార్లు 2ను వేసి గుణించి, వచ్చినదాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుంది. 524101కు ఈ పరీక్ష పెడితే 1 రాదు. 23 అనే పేరు ఎత్తకుండానే ఇది ప్రధానం కాదని తేలిపోయింది. ఈ పరీక్షకు చిక్కకుండా తప్పించుకునే సంఖ్యలూ కొన్ని ఉన్నాయి. ఏ సంఖ్యా తప్పించుకోలేని, అయినా అంతులేని కాలం పట్టని పద్ధతిని 2002లో కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. అది కూడా ప్రధానమా కాదా అని చెబుతుందే తప్ప ముక్కలు చేతికివ్వదు. ఈ రెంటి మధ్య దూరం ఎంతో ఒకట్ల హారాల్లోనే చూడవచ్చు. 1277 ఒకట్ల హారాన్ని తీసుకుంటే దానికి 385 అంకెలు. అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది. దాని ప్రధాన కారణాంకం ప్రతిదీ 2554తో భాగిస్తే శేషం 1 ఇవ్వాలనీ తెలుసు. ఆ కారణాంకాల్లో ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.